పెట్టెల మీద ఏటవాలు గీతలు

రెండువేల సంవత్సరంలో సింగపూర్‌లో తెలుగువాళ్ళు నలుగురు ఒకచోట చేరితే మాటలన్నీ ఉద్యోగాల చుట్టూనే తిరిగేవి. ఎవరు ఏ కంపెనీలోంచి ఏ కంపెనీకి దూకారు, ఎవరి ఇంటర్నెట్ కంపెనీ ఎంత పెద్దది కాబోతోంది, ఎవరు ఏం కొత్తగా కడుతున్నారు, ఇవే. ఆ మాటల మధ్య భ్రమరాంబ మటుకు పులిహోర ప్లేటు పట్టుకుని నవ్వుతూ కూర్చునేది. "మీరేం చేస్తారండీ?" అని ఎవరైనా అడిగితే, "ఇంకొకరు రాసిన ప్రోగ్రాంలో మావాళ్ళు చేసుకున్న మార్పులు చెరిగిపోకుండా చూస్తానండి" అనేది. అడిగినవాళ్ళు "ఓహో" అని, ఒక్క క్షణం ఆగి, మంచినీళ్ళ కోసం అటు తిరిగేవారు.

"కాస్త గొప్పగా చెప్పుకోవచ్చు కదా" అనేవాడు భర్త శశికాంత్, ఇంటికొచ్చే దారిలో.

"ఉన్నమాటే కదండీ" అనేది ఆమె.

భ్రమరాంబది సామర్లకోట. విశాఖలో ఎం.సి.ఏ. చదివి, పెళ్ళయ్యాక శశికాంత్ వెంట సింగపూర్ వచ్చి, చోవా చూ కాంగ్‌లో అద్దె ఫ్లాట్లో కాపురం పెట్టింది. ఆమెకు కొత్త ప్రోగ్రాం రాయడం కంటే పాత ప్రోగ్రాం చదవడం ఇష్టం. రాసినవాడు ఎక్కడ తొందరపడ్డాడో, ఎక్కడ జాగ్రత్తపడ్డాడో, ఎక్కడ విసిగిపోయాడో ఆమెకు తెలిసిపోయేది. ఇది ఒక ఉద్యోగానికి పనికొచ్చే గుణమని ఆమె అనుకోలేదు, జురాంగ్‌లో ఒక కంటైనర్ డిపోలో చేరేదాకా.

ఓడల్లోంచి దిగిన ఇనప పెట్టెలు, ఓడలెక్కాల్సిన ఇనప పెట్టెలు ఆ డిపో ఆవరణలో ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. ఏ పెట్టె ఎక్కడుందో, దేని పక్కన ఏది పెట్టకూడదో, ఏ లారీకి ఏది ఎత్తాలో చూసుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంది. దాన్ని మెల్‌బోర్న్‌లో ఒక చిన్న కంపెనీ రాసింది. కొన్నవాళ్ళకు ప్రోగ్రాంతో పాటు దాని సోర్స్ కోడ్ కూడా ఇచ్చేవారు, అంటే రాసిన రాత మొత్తం. దానివల్ల ఒక సౌకర్యం ఉంది, ఒక తలనొప్పి ఉంది. డిపోకు కావలసినట్టు ఆ రాతలో మార్పులు చేసుకోవచ్చు, అది సౌకర్యం. ఏడాదికోసారి మెల్‌బోర్న్ నుంచి కొత్త వెర్షన్ సీడీ వస్తుంది. అందులో మన మార్పులు ఉండవు. కొత్తది పెడితే మనవి పోతాయి, మనవి ఉంచుకుంటే కొత్తది రాదు. అది తలనొప్పి.

భ్రమరాంబ కంటే ముందు ఆ పని చేసినాయన రషీద్. హైదరాబాద్ ఆయన. మంచి పనిమంతుడు. బ్యాంకులో ఉద్యోగం రాగానే తనకు తెలిసిందంతా ఒక్క వారంలో ఈమె చెవిన వేసి వెళ్ళిపోయాడు. ఆయన వదిలి వెళ్ళిన కంప్యూటర్లో ఒకే ప్రోగ్రాంకు ఎన్నో నకళ్ళు: పాతది, కొత్తది, అసలు కొత్తది, రషీద్ రెండు, ముట్టుకోవద్దు. డిపోలో ఆ క్షణాన నడుస్తున్నది వీటిలో ఏది అన్నది రషీద్‌కే తెలుసు. ఇప్పుడు ఆయన ఇంకెక్కడో బ్యాంకులో ఉన్నాడు.

భ్రమరాంబ కొన్నాళ్ళు ఆ నకళ్ళన్నీ చదివింది. ఆ తరవాత మేనేజర్ మిస్టర్ లిమ్ దగ్గరికి వెళ్ళి, సీవీఎస్ అనే ఉచిత ప్రోగ్రాం ఒకటి పెట్టుకుంటానంది.

"అది ఏం చేస్తుంది?" అన్నాడు లిమ్.

"మెల్‌బోర్న్ వాళ్ళు పంపింది పంపినట్టు, ఎవరూ ముట్టుకోకుండా ఒక శాఖలో దాస్తుంది సార్. మన మార్పులు ఇంకో శాఖలో ఉంటాయి. కొత్తది వచ్చినప్పుడు, వాళ్ళు ఏం మార్చారో మనం ఏం మార్చామో పక్కపక్కన పెట్టి, తగువు లేనిచోట తనే కలిపేస్తుంది. ఇద్దరం ఒకే వాక్యం మీద చెయ్యి వేసినచోట మాత్రం ఆగి, 'నువ్వే తేల్చు' అంటుంది. ఏదీ పోదు. నిన్నటిది కావాలన్నా, నిరుడుది కావాలన్నా తీసి ఇస్తుంది."

"ఉచితం అంటున్నావు. ఉచితమైనది ఇంత పని చేస్తుందా?"

"చేస్తుంది సార్. మార్పు చేసిన ప్రతిసారీ ఎందుకు చేశామో ఒక్క వాక్యం రాయాలి, అంతే."

"రాయి రాయి. నీకు రాయడం ఇష్టమే కదా" అని లిమ్ ఒప్పుకున్నాడు.

ఆ ఏడు వర్షాలు మొదలయ్యేనాటికి ఆమె రషీద్ మార్పులన్నిటినీ విడదీసి, ఒక్కొక్కటీ శుభ్రంగా మెల్‌బోర్న్ వాళ్ళ రాత మీద మళ్ళీ పేర్చింది. ఒక్కొక్క దానికీ కారణం కనుక్కోవడానికి డిపో అంతా తిరిగింది. గేటు దగ్గర అమ్మాయి చెప్పింది, లారీ నంబరు రెండుసార్లు ఎందుకు అడుగుతుందో. మరమ్మతు షెడ్డు పెద్దమనిషి చెప్పాడు, తలుపు సొట్టపోయిన పెట్టె ఎందుకు పైవరసలో పెట్టకూడదో. ఇలా తిరగడం ఆమెకు సరదాగా ఉండేది. స్క్రీన్ మీద రెండు ముక్కల్లో ఉన్న మార్పు వెనక ఒక మనిషి, ఒక రోజు జరిగిన గొడవ, ఒక సర్దుబాటు ఉండేవి. అవన్నీ విని, వాటిని ఒక్కొక్క వాక్యంలోకి కుదించి రాసేది.

ఒక్కదానికే కారణం దొరకలేదు.

డిపో ఆవరణ పటం స్క్రీన్ మీద గళ్ళుగళ్ళుగా కనపడుతుంది. ప్రతి పెట్టె ఒక చిన్న గడి. మామూలు సరుకుంటే ఆకుపచ్చ, మండేవీ పేలేవీ ఉంటే ఎరుపు. రషీద్ ఆ ఎర్రగళ్ళ మీద ఏటవాలుగా నల్లగీతలు గీయించాడు. ఎందుకు? ఎవరినడిగినా తెలియదన్నారు. సూపర్‌వైజర్ అయితే, "ఎరుపు ఎర్రగానే ఉంది కదా, మళ్ళీ గీతలెందుకు, చూడ్డానికి బాగాలేదు కూడా" అన్నాడు. రషీద్‌కు ఫోన్ చేద్దామనుకుంది కానీ, కొత్త ఉద్యోగంలో ఉన్నాయన్ని గీతల కోసం ఇబ్బంది పెట్టడమెందుకని ఊరుకుంది.

అంతలో మెల్‌బోర్న్ నుంచి కొత్త సీడీ వచ్చింది. వెనకటి ఏళ్ళలో సీడీ వచ్చిందంటే డిపోలో వారాల తరబడి అందరికీ చిరాకే. ఈసారి సీవీఎస్ చాలా మటుకు తనే కలిపేసింది. తగువు పడ్డ చోట్లు కొద్దే. వాటిలో ఒకటి ఈ గీతలు. మెల్‌బోర్న్ వాళ్ళు గళ్ళు గీసే భాగాన్ని మొత్తం తిరగరాశారు. పాత గీతలు అందులో ఇమడవు. ఉంచాలంటే మళ్ళీ రాయాలి. కారణం తెలియని దానికోసం అంత శ్రమ ఎందుకని, భ్రమరాంబ మెల్‌బోర్న్ వాళ్ళదే ఖాయం చేసి, "కారణం తెలియలేదు, తీసేశాను" అని రాసి ముందుకు సాగింది.

సోమవారం కొత్త వెర్షన్ మొదలైంది. గేటు దగ్గర ఏ ఇబ్బందీ లేదు, షెడ్డులో ఏ ఇబ్బందీ లేదు. మిస్టర్ లిమ్ అందరినీ తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్‌కు తీసుకెళ్ళి మధ్యాహ్నం భోజనం పెట్టించాడు. భ్రమరాంబ కోసం వెతికి వెతికి శాకాహారం స్టాలు కనిపెట్టాడు.

వారం మధ్యకు వచ్చేసరికి డిపో గేటు బయట లారీలు బారులు తీరడం మొదలైంది. మరుసటి రోజుకు ఆ బారు రోడ్డు మలుపు దాటింది. డ్రైవర్లు హారన్లు కొడుతున్నారు.

"కంట్రోల్ రూంలో రాజు నెమ్మదించాడు" అన్నాడు లిమ్. "రాజు ఎప్పుడూ నెమ్మదించడు. నీ కొత్త వెర్షన్ నెమ్మదిగా ఉందేమో వెళ్ళి చూడు."

కంట్రోల్ రూం ఇనప మెట్లెక్కాక, ఆవరణంతా కనపడే అద్దాల గది. అక్కడ కూర్చునే రాజును ఆమె చాలాసార్లు చూసింది. యాభై దాటిన మనిషి, చెయ్యి తిరిగిన ప్లానర్. పెట్టె ఏది ఎక్కడ పెట్టాలో ఆయన చెపితే క్రేన్ కదులుతుంది. తమిళాయన అనుకుని ఆమె ఎప్పుడూ ఇంగ్లీషులోనే పలకరించేది.

ఆమె వెళ్ళి పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. ప్రోగ్రాం చకచకా నడుస్తోంది. నెమ్మది ప్రోగ్రాంది కాదు. రాజు ప్రతి పెట్టెకూ వాకీటాకీ తీసి, కింద ఆవరణలో ఉన్న మనిషిని "దాని మీద చీటీ ఏముందో చదువు" అంటున్నాడు. అతను నడిచి వెళ్ళి, చదివి చెప్పేదాకా క్రేన్ ఆగి ఉంటోంది. స్క్రీన్ మీద ఎర్రగా కనపడుతున్న దాన్ని మనిషిని పంపి అడగడం ఎందుకో ఆమెకు అర్థం కాలేదు. రాజు నుదుటి మీద చెమట పట్టింది. గదిలో ఏసీ చల్లగా ఉంది.

విసుగొచ్చి భ్రమరాంబ తనలో తను గొణుక్కుంది: "ఏం జరుగుతోందో ఏమిటో."

రాజు ఠక్కున తల తిప్పాడు. "ఏటమ్మా, నువ్వు తెలుగా?"

"మీరూ తెలుగేనా అంకుల్!"

"నా పేరు నూకరాజు. ఈళ్ళకి నోరు తిరగదని రాజు అయిపోనాను. మా తాత యలమంచిలి కాడినించి మలయా రబ్బరు తోటల్లోకి వొచ్చినాడు. మేం ఇక్కడోళ్ళమే."

ఒక్క నిమిషం ఇద్దరికీ లారీల సంగతి గుర్తులేదు. తరవాత ఆమె మెల్లగా అడిగింది. "అంకుల్, కొత్త వెర్షన్‌లో ఏదైనా ఇబ్బందిగా ఉందా? నాకు చెప్పండి. మారుస్తాను."

నూకరాజు స్క్రీన్ వైపు చూస్తూ, "పాత బొమ్మే బాగుండేది. ఆ గీతలుండేవి సూడు..." అని ఆగిపోయాడు. "ఏం లేదమ్మా. వయసు. కళ్ళద్దాలు మార్సాల. సుసా అయిపోయింది, మహా సుసా." కష్టాన్ని సుసా అనడం ఆయనకు అలవాటు, ఇంట్లో తెలుగు, బయట మలయ్ విని పెరిగినవాడు.

ఆ సాయంత్రం ఆయన మిస్టర్ లిమ్ దగ్గరికి వెళ్ళి, ఒంట్లో బాగోలేదని సెలవు పెట్టాడు. ఎన్నాళ్ళని అడిగితే చెప్పలేదు. కళ్ళకు రూఢిగా తెలియకుండా పెట్టెను కదపననీ, ఏదైనా ఎరుపు పక్కన ఎరుపు పెడితే కింద పనిచేసేవాళ్ళ ప్రాణాల మీదికి వస్తుందనీ మాత్రం అన్నాడట. లిమ్ ఆ మాటలు భ్రమరాంబతో చెప్పి, "జ్వరం వచ్చినవాడు అలా మాట్లాడతాడా?" అని తల గోక్కున్నాడు.

ఆ రాత్రి భ్రమరాంబ జరిగినదంతా భర్తకు చెప్పింది. గీతలు తీసేసింది తనే. ఎందుకో తెలియకుండానే తీసేసింది. శశికాంత్ అంతా విని, "తీసేసినది ఉందిగా నీ సీవీఎస్‌లో. మళ్ళీ పెట్టెయ్" అన్నాడు.

"పెడతాను. కానీ ఎందుకు పెడుతున్నానో తెలియాలి కదండీ. తెలియకుండా తీసి ఇంత పని చేశాను. తెలియకుండా మళ్ళీ పెట్టి ఇంకేం చేస్తానో."

శనివారం ఇద్దరూ, వస్తున్నామని రషీద్‌కు ముందుగా చెప్పి, చోవా చూ కాంగ్‌లో రైలెక్కి వుడ్‌ల్యాండ్స్‌లో దిగారు. రషీద్ ఫ్లాట్ అక్కడ. ఆయన భార్య హాజరా తలుపు తీస్తూనే, "అరే, అప్పుడెప్పుడో వస్తనన్నవు, ఇన్నాళ్ళకు దారి తెలిసిందా?" అని చెయ్యి పట్టి లోపలికి తీసుకెళ్ళింది. ఈమె మాంసం తినదని గుర్తుపెట్టుకుని ఖట్టీ దాల్, బగారా బైంగన్ వేరే గిన్నెల్లో చేసింది. భోజనం కాకుండా ఆఫీసు మాటలొద్దని రషీద్‌ను కట్టడి చేసింది కూడా.

తిన్నాక భ్రమరాంబ విషయం చెప్పింది. గీతలు తీసేశానన్న మాట వినగానే రషీద్ మొహం మారిపోయింది.

"తీసేసిన్రా! అరెరె. నేను చెప్పి పోవాల్సింది. నా తప్పే."

"ఎందుకు పెట్టారు రషీద్ గారూ?"

రషీద్ తన భార్య వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. "నక్కో జీ. మాట ఇచ్చిన్రు" అంది.

"అవును. మాట ఇచ్చిన" అన్నాడు రషీద్. "అది నా సంగతి కాదమ్మా, ఇంకొకరి సంగతి. ఎవరికీ చెప్పనని ఒట్టు పెట్టిన. కానీ ఇట్లైందంటే ఊకోవద్దు. ఆగు. ఆయన్నే అడుగుత."

ఆయన లోపలి గదిలోకి వెళ్ళి ఫోన్ చేశాడు. గోడ అవతల నుంచి మాటలు స్పష్టంగా వినపడటం లేదు, ఒకసారి మటుకు రషీద్ గొంతు పెరిగింది: "అన్నా, ఆ పిల్ల మంచిది. నేను చెప్తున్న కదా!" కాసేపటికి ఫోన్ చేత్తో పట్టుకుని వచ్చి భ్రమరాంబ చేతికిచ్చాడు.

"అమ్మా" అంది నూకరాజు గొంతు. "రషీదు సెప్పనన్నాడు. నానే సెప్తాను. నాకు ఎరుపూ పచ్చా ఒకేలాగ కనపడతాయి. సిన్నప్పట్నించీ అంతే. పుట్టుక."

భ్రమరాంబ ఫోన్‌ను చెవికి ఇంకా దగ్గరగా నొక్కుకుంది.

"డిపోలో సేరినప్పుడు పటం కాయితం మీదుండేది, పెట్టెకి అచ్చరం రాసుకునేవోళ్ళం. నాకేం సుసా లేదు. తరవాత కంప్యూటర్ వొచ్చింది, రంగులొచ్చాయి. పని పోద్దని భయమేసినాది. గేటు కాడ కూకోబెట్టేస్తారని. రషీదుకి ఒక్కడికే సెప్పినాను. ఆడు ఏమనలేదమ్మా. మర్నాడొచ్చేసరికి గీతలున్నాయి."

"అంకుల్, నేను తెలియక..."

"పరవాయిల్లే అమ్మా. నువ్వేటి సేస్తావు, ఎవులూ సెప్పలేదు కదా."

ఫోన్ పెట్టేశాక భ్రమరాంబ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. హాజరా చాయ్ తెచ్చి ఎదురుగా పెట్టింది. రషీద్ కిటికీ దగ్గర నిలబడి, "అప్పుడు మీ సీవీఎస్ లేకపాయె. ఎందుకు చేసిన్నో రాసే చోటే లేకపాయె" అన్నాడు. వెంటనే తనే నవ్వాడు. "ఉన్నా ఏం రాద్దును?"

సోమవారం పొద్దున్నే ఆఫీసులో కూర్చున్న భ్రమరాంబకు ఎదురైన చిక్కు సరిగ్గా అదే. పాత గీతలను సీవీఎస్ అడగ్గానే తీసి ఇచ్చింది. మెల్‌బోర్న్ వాళ్ళ కొత్త రాతకు సరిపోయేలా వాటిని తిరగరాయడం మధ్యాహ్నం లోపలే అయిపోయింది. ఎర్రగళ్ళ మీద గీతలు వచ్చాయి. ఇక ఎందుకు అన్న వాక్యం మిగిలింది. ఆ నియమం పెట్టింది తనే. నూకరాజు పేరు రాయడానికి వీల్లేదు. అబద్ధం రాయడానికి మనసొప్పదు. ఏమీ రాయకపోతే రేపు తన తరవాత వచ్చేవాళ్ళు తను చేసిన పనే చేస్తారు.

ఆమె భోజనం డబ్బా విప్పి తింటూ ఆలోచించింది. అప్పుడు తట్టింది, గేటు దగ్గర అమ్మాయి డ్రైవర్లకు పటం ప్రింటు తీసి ఇస్తుంది, ఆ ప్రింటరు నలుపూ తెలుపే. అందులో అన్ని గళ్ళూ బూడిదరంగే. మధ్యాహ్నం ఎండ కంట్రోల్ రూం అద్దాల మీద పడినప్పుడు స్క్రీన్ వెలిసిపోయి, ఎవరికీ రంగు తెలియదు. ఇది ఒక్క మనిషి సంగతి కాదు.

డబ్బా మూతపెట్టి, చెయ్యి కడుక్కుని వచ్చి ఇలా రాసింది: "ప్రమాదకరమైన పెట్టెను రంగు ఒక్కదాని మీదే ఆధారపడకుండా గుర్తుపట్టడానికి. తీసెయ్యవద్దు." చదువుకుంది. ప్రతి మాటా నిజమే, ఎవరి గుట్టూ అందులో లేదు. గుండె తేలికపడింది.

మర్నాడు నూకరాజు సెలవు రద్దు చేసుకుని వచ్చాడు. మధ్యాహ్నానికి గేటు బయట రోడ్డు ఖాళీ. క్రేన్లు తెరిపి లేకుండా తిరుగుతున్నాయి. ఆయన వాకీటాకీలో ఎవరినో హడావుడి పెడుతూ కేకలేస్తుంటే ఆ గొంతు కింది షెడ్డు దాకా వినపడింది.

"ఏం చేశావు?" అన్నాడు మిస్టర్ లిమ్.

"ఒక మార్పును పొరపాటున తీసేశాను సార్. మళ్ళీ పెట్టాను. నలుపూ తెలుపూ ప్రింటులో కూడా ఇప్పుడు ప్రమాదకరమైనవి తెలుస్తాయి, చూడండి" అని ఒక కాగితం ఇచ్చింది. లిమ్ అది అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ముందునుంచీ ఉండాల్సింది" అని జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఇక్కడితో ఆమె ఊరుకుని ఉండొచ్చు. ఊరుకోలేదు. అది మన మార్పుగా ఉన్నన్నాళ్ళూ ఏడాదికోసారి ఎవరో ఒకరు దాన్ని కాపాడాలి. తనుంటే సరే, తను లేకపోతే? అదే మెల్‌బోర్న్ వాళ్ళ రాతలోనే ఉంటే ఎవరూ కాపాడనక్కర్లేదు. లిమ్ అనుమతి తీసుకుని, మార్పునూ దాని కారణాన్నీ ప్రింటు నమూనాతో సహా ఈమెయిల్‌లో వాళ్ళకు పంపింది. మీకు పనికొస్తే మీ వెర్షన్‌లో కలుపుకోండి, మాకేమీ అభ్యంతరం లేదని రాసింది.

జవాబు కోసం చూసి చూసి ఆశ వదులుకుంది. ఆ రోజుల్లోనే శశికాంత్ స్నేహితుడు కేశవరావు సొంతంగా ఇంటర్నెట్ కంపెనీ పెడుతూ ఆమెను రమ్మన్నాడు. "పాతవాటికి అతుకులేసుకుంటూ ఎన్నాళ్ళుంటావమ్మా? మాతో కొత్తది కట్టు" అన్నాడు. ఆమె మర్యాదగా వద్దంది. శశికాంత్ ఆశ్చర్యపోతే, "నాకు అక్కడ బాగుందండీ. ఎవరికి ఏం కావాలో నాకు తెలుసు, నేనెవరో వాళ్ళకు తెలుసు" అంది. ఆయన మరి ఆ మాటెత్తలేదు.

మెల్‌బోర్న్ నుంచి జవాబు వచ్చింది, ఆలస్యంగా, కానీ పొడుగ్గా. ఎండలో స్క్రీన్ కనపడటం లేదని వేరే రేవుల్లో డిపోల వాళ్ళు కూడా ఎప్పటినుంచో అంటున్నారట. మీ గీతలు బాగున్నాయి, అన్ని రకాల పెట్టెలకూ తలా ఒక గుర్తు పెట్టి అందరికీ ఇస్తాం, వచ్చే వెర్షన్‌లో ఉంటాయి అని రాశారు. భ్రమరాంబ ఆ మెయిల్ ప్రింటు తీసి, ఇనప మెట్లెక్కి కంట్రోల్ రూంకు వెళ్ళి, నూకరాజుకు చదివి వినిపించింది.

ఆయన మొదట నమ్మలేదు. "అంటే వేరే దేశాల్లో కూడానా?"

"అన్ని చోట్లా అంకుల్."

"మరయితే నాలాటోడు ఇంకెక్కడయినా ఉంటే..."

"వాళ్ళకీ కనపడుతుంది. ఎవరినీ అడగక్కర్లేదు."

నూకరాజు కళ్ళద్దాలు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు, చాలాసేపు తుడుచుకున్నాడు.

తరవాత కొన్నాళ్ళకు ఆయన తనంతట తనే మిస్టర్ లిమ్ దగ్గరికి వెళ్ళి ఉన్న సంగతి చెప్పేశాడు. వద్దని భార్య అన్నా వినలేదట. లిమ్ ముందు కోపగించుకున్నాడు, ఇన్నేళ్ళు దాచినందుకు. తరవాత నిబంధన ప్రకారం డాక్టర్ దగ్గరికి పంపాడు. డాక్టర్, గుర్తులున్న స్క్రీన్ మీద పనికి అభ్యంతరం లేదని, క్రేన్ మాత్రం నడపకూడదని రాసిచ్చాడు. "నాకు ఎత్తంటేనే భయం, క్రేన్ ఎవడెక్కుతాడు!" అని నూకరాజు ఆ కాగితం పట్టుకుని డిపో అంతా నవ్వుతూ తిరిగాడు. తరవాతి సీడీలో గీతలు నిజంగానే వచ్చాయి. భ్రమరాంబ తన శాఖలోంచి ఆ మార్పును తీసేసింది, ఈసారి కారణం తెలిసే. "మెల్‌బోర్న్ వారి వెర్షన్‌లో చేరింది" అని రాసింది. ఇలా ఇంకొన్ని మార్పులను కూడా ఒక్కొక్కటే వాళ్ళకు అప్పజెప్పింది. ఆమె కాపాడాల్సినవి ఏడాదికేడాదికీ తగ్గుతూ వచ్చాయి. పని తగ్గిపోతోందే అని ఆమె ఎప్పుడూ దిగులుపడలేదు. ఖాళీ దొరికినప్పుడు గేటు దగ్గరికో షెడ్డులోకో వెళ్ళి, ఎవరికి ఏం అడ్డొస్తోందో అడిగేది.

ఆ ఇంటర్నెట్ కంపెనీల సందడి కూడా మరుసటేడుకే చాలా మటుకు సద్దుమణిగింది. కేశవరావు కంపెనీ మూసేసి బ్యాంకులో చేరాడు. రషీద్ ఉన్న బ్యాంకే. అక్కడ ప్రోగ్రాములకు ఎన్నెన్ని నకళ్ళున్నాయో చూసి ఇద్దరూ భ్రమరాంబకు ఫోన్ చేశారు, సీవీఎస్ ఎలా పెట్టాలో చెప్పమని. ఆమె రెండు శనివారాలు వుడ్‌ల్యాండ్స్ వెళ్ళి నేర్పింది. హాజరా ఆ రెండుసార్లూ భోజనం తినకుండా కంప్యూటర్ ముట్టుకోనివ్వలేదు.

ఒక ఆదివారం నూకరాజు భ్రమరాంబనూ శశికాంత్‌నూ తన ఇంటికి పిలిచాడు. ఆయన తల్లి సూరమ్మకు ఎనభై ఏళ్ళ పైమాటే. సామర్లకోట పిల్ల వచ్చిందంటే చూడాలని పొద్దుటినుంచీ తలుపు దగ్గరే కుర్చీలో కూర్చుందట. భ్రమరాంబ చెప్పులు విడుస్తుండగానే చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. సామర్లకోట స్టేషన్లో రైలు ఇంకా ఆగుతుందా, అక్కడి నీళ్ళు ఇంకా తియ్యగానే ఉన్నాయా అని అడిగింది. ఆమె ఆ దేశం ఎప్పుడూ చూడలేదు. అవన్నీ సామర్లకోట వైపు నుంచి వచ్చిన తన తల్లి చెప్పగా విన్నవి. భ్రమరాంబ తెలిసినంత వరకు చెప్పింది, తెలియనిచోట తెలియదని చెప్పింది.

"సాలు సాలు, మాటలతో కడుపు నిండుద్దా. మకాన్ సెయ్యండి ముందు, అన్నం వొడ్డించు" అని సూరమ్మ కోడలిని కేకేసింది.

బల్ల మీద చింతపండు పులుసు ఉంది, రొయ్యపొడి లేకుండా నూరిన మిరపకారం సాంబాల్ ఉంది, వేడి అన్నం ఉంది. నూకరాజు గోంగూర పచ్చడి గిన్నె ముందుకు జరుపుతూ, ఆ గోంగూర కోసం లిటిల్ ఇండియా అంతా తిరిగానని గొప్పలు చెప్పాడు. శశికాంత్ మారు వడ్డించుకున్నాడు. భ్రమరాంబ సూరమ్మ పక్కనే కూర్చుని, ఆమె కలిపి పెడుతున్న ముద్దలు వద్దనకుండా తింది.